పిన్నిగారి పక్కన చోటు

పక్కింటి పిన్నిగారు మొన్న మంగళవారం పోయారు. రెండిళ్లకీ మధ్య ఒక్క పిట్టగోడే ఉన్నా, ఆ సంగతి మాకు పాలు పోసే ఆవిడ చెప్పాల్సి వచ్చింది. నా రెండు కాన్పులకీ పథ్యం వండి ఆ గోడ మీదుగానే అందించారు పిన్నిగారు. రాయడానికే సిగ్గుగా ఉంది.

ఆవిడ భర్త మా ఊరి మునిసిపల్ చైర్మన్. మార్కెట్ రోడ్డులో పెద్దవాళ్ల ఆక్రమణలు కొట్టించారని, పదేళ్ల కిందట ఒక పొద్దున ఆయన్ని ఇంటి గేటు ముందే నరికేశారు. పిన్నిగారు గుమ్మంలోంచి చూశారు. డాబా మీద మిరపకాయలు ఎండబోస్తున్న నేనూ చూశాను. వాళ్లలో ఇద్దర్ని గుర్తుపట్టాను కూడా. పోలీసులు అడిగితే మాత్రం, "ఘాటుకి కళ్లు మండిపోతున్నాయండీ, ఏమీ కనబడలేదు" అన్నాను. మా వైపు ఆ మాట ఎవరైనా నమ్ముతారు.

పిన్నిగారు నమ్మలేదు. కొన్నాళ్లకి గోడ దగ్గర ఎదురుపడితే, "ఘాటు అలాంటిదేలేమ్మా, పిల్లలు గలదానివి" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఆవిడకి కాపలాగా ప్రభుత్వం గన్‌మన్‌ని ఇచ్చింది. వచ్చినవాళ్ల సంచులు వెతకడం అతని డ్యూటీ. దాంతో చుట్టాలు రావడం తగ్గించారు, ఇరుగూ పొరుగూ సరేసరి. "ముందు తినవయ్యా, తుపాకీ ఎక్కడికీ పోదు" అని ఆవిడ అతన్ని కోప్పడటం మా వంటింట్లోకి వినబడేది. ఆ ఇంట్లో మాట్లాడటానికి ఆవిడకి ఇంకెవరూ లేరు.

కేసు విచారణకొచ్చే ముందు నేనే వెళ్లి, చూసింది చెబుతానన్నాను. ఆవిడ చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. లాయరుగారు నా పేరు చేర్పించారు. గుంటూరు కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన రోజు బస్టాండు దాకా వెళ్లాను. బస్సు కళ్లముందే నిండి కదిలిపోయింది. నేను ఇంటికొచ్చేశాను.

పిన్నిగారు ఒక్కరే బోనెక్కి, ఇద్దర్నీ వేలెత్తి చూపించారట. కేసు నిలబడలేదు. గన్‌మన్‌నీ తీసేశారు. నేను ముఖం చెల్లక ఆ గడప తొక్కడం మానేశాను.

పోయిన చలికాలం ధైర్యం చేసి వెళ్లి, క్షమించమని అడిగాను. ఆవిడ ఇంతే అన్నారు.

"ఆవేళ కోర్టు వరండాలో ఒకటే జనం. నీకోసం బెంచీ మీద నా పక్కన సంచీ పెట్టి ఉంచాను. ఎవరో ముసలాయన నిలబడలేక కూర్చుంటానన్నా ఒప్పుకోలేదు. మా అమ్మాయి వస్తోందండీ అన్నాను."