పారతల పురుగు

ఎరువమ్మ అన్నది వీధి పెట్టిన పేరు. పెరటి రేకులషెడ్డులో వానపాముల ఎరువు తయారుచేసి అమ్మేది మరి. మడి మీది గోనెపట్టా ఎత్తితే గుత్తులు గుత్తులుగా ఎర్రటి వానపాములు. మొగుడితోకన్నా వాటితోనే ఎక్కువ మాట్లాడుతుందని చెల్లెలు ఏడిపించేది.

ఆ చెల్లెలి భర్తకు పని పోయి ఇంట్లో కూర్చున్నప్పుడు, ఎరువమ్మ తన మడిలోంచి బుట్టెడు మట్టి వానపాములతో సహా ఎత్తి ఇచ్చింది. "దీంతో బతికెయ్యొచ్చే. నీడ, తడి ఉంటే చాలు, అవే పెరుగుతాయి" అంది.

కొన్నాళ్ళకు మడిలో వింత పురుగు కనబడింది. జానెడు పొడవు, వీపున నల్లటి చార, పార లాంటి తల. వానపామును చుట్టేసి, పొట్ట మధ్యనున్న నోటితో కరిగించి జుర్రుకుంటోంది. ఎరువమ్మకు ఒళ్ళు మండిపోయింది. అసలే ఆవిడకు కోపం ముక్కు మీదుంటుంది. కొడవలితో ముక్కలు ముక్కలు చేసి, "నా పిల్లల్నే తింటావా? ఇక నువ్వే ఎరువైపో" అంటూ మడిలోనే పారేసింది. కనబడ్డ ప్రతిదానికీ అదే శాస్తి. నీకు కనబడినా ఇలాగే చెయ్యమని చెల్లెలికీ చెప్పింది.

నరికేకొద్దీ పెరిగాయి, పాడు పురుగులు. విత్తనాల కొట్టాయనకు చూపిద్దామని ఒకదాని ముక్కల్ని తడిమట్టితో సీసాలో వేసి, కిటికీలో పెట్టి, పనిలో పడి మరిచిపోయింది. మళ్ళీ గుర్తొచ్చి మూత తీస్తే, ముక్కముక్కకీ ఓ తల. పిసరంత తోకముక్కకి కూడా.

ఇన్నాళ్ళూ తన చేత్తో తనే నాట్లు వేసిందన్నమాట.

కొట్టాయన సీసాను ఇటూ అటూ తిప్పి చూశాడు.

"ఉప్పు చల్లితే చస్తాయమ్మా."

"మరి నా వానపాములో?"

"అవీ చస్తాయి."

ఇంటికొచ్చి గోనెపట్టా ఎత్తింది. ఎంత వెతికినా ఎర్రటిది ఒక్కటీ కనబడలేదు. దుఃఖం ముంచుకొచ్చింది. అప్పుడే చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, మా మడిలోకీ వచ్చాయే ఆ పురుగులు. నువ్వేం బెంగపడకు. నువ్వు చెప్పినట్టే ఆయనా నేనూ కూర్చుని ఒక్కదాన్నీ వదలకుండా నరికేస్తున్నాం. చాలా రోజులకి చేతికి పని దొరికిందని ఆయన ఒకటే నవ్వడం."

ఆపమని చెప్పాలి. ఆపి ఏం చెయ్యమనాలో ఆవిడకు తెలియదు. ఆ బుట్ట ఇచ్చింది తనే.

"అక్కా, ఉన్నావా?" అంటోంది చెల్లెలు. వెనక మరిది కొడవలి నూరుతున్న చప్పుడు.