గండి దారిలో మా చిన్నాయిన

మా చిన్నాయిన పోయాడు. నేను మానుకోట బడిలో పాఠం చెప్తుండగా, జనగామలోని మా దుకాణంలో పనిచేసే మనిషి రైలు దిగి నేరుగా బడికే వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గేటు పట్టుకుని నిలబడి, "చిన్న సేటు పోయిండమ్మా. గద్దె మీద కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు. దవాఖాన దాక సుత ఆగలె" అన్నాడు. "సైకిల్ మీద ఉండంగ కాదా?" అని అడిగాను. ఏం ప్రశ్న అది! ఎక్కడో గుట్ట ఎక్కుతూ ఊపిరి వదిలి ఉంటే బాగుండునని నా పిచ్చి మనసు ఆశపడింది. కాదు, పప్పు మూటల నడుమ పోయాడు. నాకు అందుకే ఇంకా ఏడుపు ఆగడం లేదు.

జనగామలో మాది కిరాణా టోకు దుకాణం. అన్నదమ్ములిద్దరిలో పెద్దవాడు మా బాపు, చిన్నవాడు చిన్నాయిన. పెళ్లి చేసుకోలేదు. పిల్ల దొరకక కాదు, సంబంధం చూడబోదామన్న రోజున ఆయన ఏ చిల్పూరు గుట్ట కిందనో ఉండేవాడు. అమావాస్యకు బజారు బంద్. ఆ రోజు సైకిల్ మీద గుట్టలకు పోవడానికి ముందురోజే చక్రాలకు గాలి కొట్టి, గొలుసుకు నూనె రాసి, అటుకులూ బెల్లమూ మూట కట్టుకునేవాడు. చలికాలంలో మాత్రం పెద్ద ప్రయాణం. పరకాల మీదుగా భూపాలపల్లి దాటి, ఆ పైన అడవిలోకి. పనీపాటా లేకుండా గుట్టలు చూడ్డానికి పోయాడంటే కోమట్ల ఇంటి పరువేం కావాలి? అందుకని బాపు అందరికీ "దందా పని మీద పోయిండు" అని చెప్పేవాడు. ఆ మాట నిలబెట్టడానికి చిన్నాయిన వచ్చేటప్పుడు క్యారియర్ మీద ఒక సంచి కుంకుడుకాయలు కట్టుకొచ్చేవాడు. "ఈ ఇంట్ల తలల కన్న కుంకుడుకాయలే ఎక్కువైనయ్" అని మా అమ్మ గొణుగుతుండేది.

నాకు సైకిల్ నేర్పింది ఆయనే. అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమానికి బళ్లన్నీ మూతబడ్డప్పుడు. నేనప్పుడు పదో తరగతి. లంగా ఓణీతో సైకిలెక్కితే మా నాయనమ్మ వాకిట్లో కూలబడి, "ఆడివిల్లకు సైకిలేందిరా, నలుగురేమంటరు?" అని మొత్తుకుంది. "సైకిల్‌కు తెలుస్తదా అవ్వ, ఎక్కింది ఆడో మొగో?" అని నవ్వాడు. ఆ ఏడే నన్ను గుట్టలకు తీసుకుపోతానన్నాడు. బాపు కళ్లెర్రజేస్తే, "ఊర్లె లాఠీలున్నయ్ అన్నా. అడివిల ఏమున్నయ్, చెట్లేనాయె" అన్నాడు. దుకాణం కూడా బందే ఉంది కాబట్టి, బాపు దగ్గర అడ్డుచెప్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఆ ప్రయాణం తలుచుకుంటే ఏడుపులోనూ నవ్వొస్తుంది. టౌను నుంచి సైకిళ్లు వచ్చాయంటే చాలు, ఊరూరా జనం మూగేవాళ్లు. "ఏమాయె సారూ, అచ్చిందా తెలంగాణ?" అని అడిగేవాళ్లు. మేం ఉద్యమం కబురు మోసుకొచ్చామని వాళ్ల నమ్మకం. "లేదవ్వ, మేం గుట్టలు సూడనీకె పోతున్నం" అని చిన్నాయిన ఎంత చెప్పినా వినేదెవరు? ఒక ముసలవ్వ ఆయన భుజం తట్టి, "చెప్పొద్దన్నరేమో తియ్ బిడ్డా, నేనెవ్వలకు చెప్ప" అని మక్క గట్కా, పచ్చిపులుసూ పెట్టింది. తిన్నాక ఆయన మనసు ఊరుకోలేదు. పోతూ పోతూ, "ఇంక రాలె అవ్వ. తొవ్వల ఉన్నది" అన్నాడు. అవ్వ ముఖం వెలిగిపోయింది. దారి పొడుగునా మా కడుపు నింపింది ఆ దారిలో ఉన్న తెలంగాణే.

భూపాలపల్లి దాటాక అడవిలో రెండు గుట్టల నడుమ ఒక గండి ఉంది. బండ్ల బాట దాని మీదుగా ఎక్కి, అటువైపు గోదావరి దిక్కు దిగుతుంది. అక్కడికి పోవడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. ఎక్కేటప్పుడు నోరు మూసుకోనిచ్చేవాడు కాదు. "ముచ్చట చెప్పు బిడ్డా. ముచ్చట ఆగిందంటె దమ్మైపోయినట్టు, అప్పుడు దిగాలె" అనేవాడు. నేను మా టీచర్ల మీద చాడీలన్నీ ఆ ఎక్కుడు మీదే చెప్పాను. దిగేటప్పుడు మాత్రం ఒక్క మాట మాట్లాడనిచ్చేవాడు కాదు, బ్రేకు చప్పుడు వినాలి. గండి మీదికి చేరాక చెమట ఆరేదాకా కూర్చోవాల్సిందే. "ఇది మద్ది, అది తునికి, గదిగో ఇప్ప" అంటూ చూపించేవాడు. కాసేపటికి మాటలు మానేసి కళ్లు మూసుకునేవాడు. దుకాణంలో ఎప్పుడూ ముడిపడి ఉండే ఆ నొసలు అక్కడ విడిపోయేది. నేను మా చిన్నాయినను అంత అందంగా ఇంకెక్కడా చూడలేదు.

తర్వాత నాకు మానుకోటలో ఉద్యోగం వచ్చింది. ఆయన ఒక్కడే పోయి వస్తుండేవాడు. కాలం మారింది. ఒకప్పుడు పిలిచి గట్క పెట్టిన ఆ దారి మీదే ఇప్పుడు పోలీసు తనిఖీ నాకాలు వెలిశాయి. ఒక చలికాలం ఆయన్ను ఆపారు. అడవిలో ఏం పనని అడిగారు. మా చిన్నాయినకు అబద్ధమాడడం చేతనైతే కదా! "ఏం పని లేదు సార్, ఊకెనే" అన్నాడు. ఊకెనే అడవికొచ్చే మనిషి ఉంటాడని ఎవరు నమ్ముతారు? అడవి లోపలి నక్సలైట్లకు ఏదో మోస్తున్నాడనుకుని స్టేషన్‌లో కూర్చోబెట్టారు. మా బాపు పరేషానై, తెలిసినవాళ్లందరి కాళ్లూ గడ్డాలూ పట్టుకుని విడిపించుకొచ్చాడు. ఇంటికొచ్చాక గడప దాటనియ్యకుండా, "నా నెత్తి మీద చెయ్యి పెట్టు. మళ్ల ఆ గండి దిక్కు పోనని ఒట్టెయ్యి" అన్నాడు. చిన్నాయిన చాలాసేపు నిలబడ్డాడట. ఆ తర్వాత చెయ్యి పెట్టాడు.

ఒట్టంటే ఆయనకు ఒట్టే. తప్పితే అన్నకేదో అవుతుందని భయం. ఇక అప్పటినుంచి నెల్లికుదురు మీదుగా నా దగ్గరికి వచ్చేవాడు, చదునైన దారిలో. వచ్చి అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, "ఈ తొవ్వల దమ్ము ఆడది బిడ్డా, ఎక్కుడే లేదు" అనేవాడు. ఎక్కుడు లేక ఊపిరాడని మనిషిని నేను ఆయన్నొక్కడినే చూశాను. "ఎవ్వలకు తెలుస్తది చిన్నాయినా, జర పోయి రారాదు?" అంటే తల అడ్డంగా ఊపేవాడు. "అన్న నెత్తి బిడ్డా" అనేవాడు. నేను పోయి బాపుతో కొట్లాడాను. ఒట్టు తీసెయ్యమని బతిమాలాను. "నేను సచ్చినంక పొమ్మను" అన్నాడు బాపు. అన్నవాడు అరవైకి దగ్గర పడుతున్నాడు, తమ్ముడికి యాభై కూడా నిండలేదు. ఆ మాట ఇట్లా ఎదురు తిరుగుతుందని మాలో ఎవరికి తెలుసు?

పెళ్లికాని తమ్ముడికి అన్నే కొరివి పెట్టాడు. అస్థికలు కాళేశ్వరం తీసుకుపోవాలి. జీపు మాట్లాడతామన్నారు బంధువులు. బాపు ఎవరి మాటా వినలేదు. తమ్ముడి సైకిలును బస్సు మీదికెక్కించి, భూపాలపల్లిలో దింపాడు. ఎర్రబట్ట కట్టిన ముంతను సంచిలో పెట్టి హ్యాండిల్‌కు తగిలించి, ధోవతి ఎగ్గట్టి నడిపించుకుంటూ బయలుదేరాడు. వెనక నేను.

పోలీసు నాకా దగ్గర ఒకాయన ఆపాడు. "సంచిల ఏమున్నది?" అన్నాడు.

"మా తమ్ముడున్నడు సార్" అన్నాడు బాపు.

ఆయన సంచిలోకి తొంగిచూసి, పక్కకు జరిగాడు.

ఎక్కుడు మొదలైంది. ఎన్నడూ ఇంత దూరం నడవని మనిషి, ఆగుతూ ఆయాసపడుతూ ఎక్కాడు. నేను పట్టుకుంటానన్నా సైకిలియ్యలేదు. గండి మీదికి వచ్చాక అటూ ఇటూ చూశాడు. చూడ్డానికక్కడ ఏముంది, చెట్లే. "గిదేనా బిడ్డా? గిందుకేనా?" అని అడిగాడు. తలూపాను.

బాపు సైకిల్‌ను ఒక బండకు ఆనించాడు. ముంతను రెండు చేతులా బయటికి తీశాడు. తల వంచి దాన్ని తన నెత్తికి ఆనించుకున్నాడు, ఆ రోజు తమ్ముడి చెయ్యి ఉన్నచోట. కాసేపటికి మెల్లగా దించాడు.

"ఒట్టు తీసేసిన తమ్మీ. ఇగ నీ ఇష్టమున్న కాడికి పో" అన్నాడు.

పో అన్నాడు గానీ, ముంతను వదల్లేదు. రెండు చేతులతో గుండెకు అదుముకుని, గోదావరి దిక్కు దిగే ఆ బాటకు అడ్డంగా నిలబడిపోయాడు.