నేను కొట్టేసిన మాట

పదో తరగతి పిల్లలకు తెలుగు చెబుతాను నేను. భద్రాచలం దాటి పర్ణశాల వైపు వెళ్ళే దారిలో, అడవి అంచున ఉన్న ఆడపిల్లల హాస్టల్ బడి మాది. బడి పక్కనే ఒక గది కిరాయికి తీసుకుని ఆరేళ్ళుగా ఒక్కదాన్నే ఉంటున్నాను. మా ఆయనకు ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి వ్యాపారం. అమ్మాయి అక్కడే కోచింగ్‌లో చదువుతోంది. మొదట్లో శనివారం మధ్యాహ్నం అయ్యేసరికి, "ఏ బస్సుకొస్తున్నవ్?" అని ఫోన్ వచ్చేది. రానురాను అది నెలకోసారి అయింది. ఇప్పుడు నేను చేస్తే ఎత్తుతారు. తగాదా ఏమీ లేదు. నేను లేకుండా ఉండటం వాళ్ళకు అలవాటైపోయింది, అంతే. ఆ మాట తలుచుకుంటే ఏడుపొస్తుంది, అందుకని తలుచుకోను.

ఆ యేడు క్లాసులో ముప్ఫై రెండు మంది. అందులో ఒక పిల్ల గురించే నా బెంగంతా. ఇంట్లో వాళ్ళది కోయ భాష, తెలుగు బళ్ళో నేర్చుకున్నదే. అడిగితే నోటితో చక్కగా చెబుతుంది, కాగితం మీద పెట్టమంటే మాత్రం బిగుసుకుపోతుంది. అర్ధవార్షిక పరీక్షలో తెలుగు తప్పింది. వాళ్ళ నాయన బడికొచ్చి, పిల్ల ముందే నాతో ఖరాఖండిగా చెప్పాడు.

"పాసైతే భద్రాచలంల ఇంటర్ చేరుస్త టీచర్. తప్పిందంటే ఇగ సదువు బంద్. వాళ్ళ అత్తతోని మిరపకాయ ఏర పోతది."

ఆ పిల్లకు నర్సు కావాలని ఉంది. ఆ మాట నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

తెలుగు పేపర్లో మా పిల్లలు జారిపడేది రెండు చోట్ల. ఎన్నడూ చూడని పేరా ఇచ్చి ప్రశ్నలు అడిగే చోట ఒకటి, సొంతంగా లేఖ రాయమనే చోట ఇంకొకటి. లేఖ ఎలా ఉంటుందో చూపిద్దామని ఒక రోజు బోర్డు మీద నమూనా రాశాను. ఒక టీచరమ్మ తన మిత్రురాలికి రాస్తున్నట్టు. 'ఇక్కడ చాలా బాగుంది. గోదావరి దగ్గరే. పిల్లలు మంచివాళ్ళు, నాకంతా బాగుంది. ఆదివారాలు ఒంటరిగా' అని రాసి నాలుక కరుచుకున్నాను. డస్టర్ చేతికి అందలేదు. ఆ మాట మీద చాక్‌పీసుతో అడ్డంగా గీత కొట్టి, పక్కన 'హాయిగా గడుస్తాయి. నేను బాగున్నాను. వీలైతే ఒకసారి రా. వీలు కాకపోయినా పర్వాలేదు' అని ముగించాను. ఆఖరి బెల్లు కొట్టారు. చెరపడం నేను మర్చిపోయాను.

ప్రీఫైనల్లో, మీ ఊరి జాతర గురించి మిత్రురాలికి లేఖ రాయమని అడిగాం. ఆదివారం పూట గదిలో పేపర్లు దిద్దడానికి కూర్చున్నాను. మొదటి పేపర్లో జాతర లేదు, నా లేఖ ఉంది. రెండో దాంట్లోనూ అదే. ముప్ఫై రెండు మందీ మక్కికి మక్కి దించేశారు. టీచర్ బోర్డు మీద ఏది రాస్తే అది బట్టీ కొట్టి పేపర్లో పెట్టడం మా దగ్గర పిల్లల పద్ధతి. అక్షరం మార్చితే మార్కు పోతుందని భయం. నేను కొట్టేసిన గీతను కూడా వదల్లేదు తల్లులు. ప్రతి పేపర్లోనూ 'ఒంటరిగా', దాని మీద అడ్డంగా ఒక గీత. కొందరైతే స్కేలు పెట్టి మరీ గీశారు.

ముందు నవ్వొచ్చింది. పదో పేపరు దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ఆ గదిలో నేనొక్కదాన్ని, నా మాట ముప్ఫై రెండు సార్లు. పేపర్లు పక్కన పడేసి కాసేపు ఏడ్చాను.

మర్నాడు క్లాసులో మాత్రం దుమ్ము దులిపాను. "జాతర గురించి అడిగితే నా గోల రాస్తరా? మీ ఊళ్ళల్ల జాతర గాదా, మీకు కండ్లు లేవా?" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఒక్క పిల్లా తల ఎత్తలేదు. కోపం మీద, వాళ్ళ పేపర్లు వాళ్ళకే తిరిగిచ్చేశాను. "ఇదే చూడని పేరా అనుకోండ్రి. ఈ లేఖ రాసినామె ఎట్లున్నదో రాయండ్రి. దీంట్ల వాక్యం ఒక్కటి దించినా సున్నా" అన్నాను.

అందరూ ఆమె సంతోషంగా ఉంది, హాయిగా ఉంది అనే రాశారు. ఆ పిల్ల పేపరు ఆఖరున వచ్చింది. నాలుగే వాక్యాలు.

'ఆమె బాగుంది బాగుంది అని మూడుసార్లు రాసింది. బాగున్నోళ్ళు ఒక్కసారే రాస్తరు. కొట్టేసిన మాటనే నిజం. వీలు కాకున్నా పర్వాలేదు అన్నది కానీ ఎవరన్నా రావాలని ఆమెకు ఉంది.'

ఆ నాలుగు వాక్యాలూ మళ్ళీ చదివాను. ఇన్నేళ్ళలో మా ఇంట్లో వాళ్ళు కూడా చదవని నన్ను ఈ పిల్ల చదివేసింది. పూర్తి మార్కులు వేశాను. ఇక దీనికి తెలుగు తప్పే ప్రసక్తే లేదని ధైర్యం కూడా వచ్చింది. మిగిలిన నెల రోజులూ దాని చేత రోజుకో లేఖ రాయించాను, నమూనా మాత్రం ఇవ్వలేదు.

అసలు పరీక్ష రోజు సెంటరు గేటు దగ్గర నిలబడ్డాను. ఆ పిల్ల నవ్వుకుంటూ వచ్చింది. లేఖ ప్రశ్నకు మా ఊరి గురించి రాశానంది.

"ఎవరికి రాసినవే?"

"మీకే టీచర్."

"మిత్రురాలికి కదా రాయమన్నది?"

"అవ్. సెలవులల్ల మా ఊరికి రమ్మని రాసిన. వీలు కాకున్నా రావాలె అని రాసిన."

"జల్దీ పో, ఆటో పోతది" అని కసిరి పంపించాను.

ఫలితాలు వచ్చేనాటికి బడి మూసేశారు. పిల్లలందరూ వెళ్ళిపోయారు. ఖమ్మం వెళ్దామనుకుంటూనే నేను ఇంకా గదిలోనే ఉన్నాను. అక్కడి నుంచి ఎప్పుడొస్తావని ఎవరూ అడగలేదు. మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఆ పిల్ల నాయన.

"పాసైంది టీచర్. భద్రాచలంల చేరుస్త, మాట తప్పను" అన్నాడు. ఆ వెనకే ఫోన్ పిల్ల చేతికి మారింది.

"టీచర్, ఏ బస్సుకొస్తున్నరు?"

పొద్దున మొదటి బస్సుకే అని చెప్పాను.