మంచు మీద తేనె రంగు

ఫ్రాన్సులోని మా ఊరి మ్యూజియంలో ప్రతి గురువారం వచ్చే గైడు ఒదీల్ కెనెల్ మాటకు ఎదురుండేది కాదు. ఆవిడ చిత్రాలు చూపించేది అనడం కంటే వాటికి పెళ్ళిచూపులు జరిపించేది అనడం సబబు. "వెనక్కి, ఇంకా వెనక్కి! దగ్గరికెళ్తే ఉత్త చుక్కలే, దూరంగా ఉంటేనే ప్రేమ పుట్టేది," అంటూ చూడ్డానికొచ్చిన రిటైరైన పెద్దలందరినీ గోడదాకా తోసేది.

ఆవిడకు ప్రాణమైన చిత్రం ఒకటుంది. సేన్ నది పక్కన మంచు కప్పిన దారి. చుక్కలు చుక్కలుగా రంగులద్ది వెలుగును పట్టే ఇంప్రెషనిస్టుల్లో పెద్దగా పేరు రానివాడెవరో వేశాడు. "చూడండి, మంచు మీద సాయంత్రపు వెలుగు తేనెలా ఎలా జారుతోందో," అనేటప్పుడు ఆవిడ గొంతు కూడా జారేది.

గైడు చెప్తుండగా మధ్యలో మాట్లాడడం మా దగ్గర చర్చిలో ఈల వేసినంత తప్పు. ఆ గుంపులోనే ఉండే, మందుల షాపు నడిపి మానేసిన అన్సెల్మ్ లెకార్‌కు మాత్రం నోరు ఊరుకునేది కాదు.

"తేనె ఎక్కడ మేడమ్? నీలంగా ఉంటేనూ! పొద్దున్నే ఎముకలు కొరికే చలి అది."

"మందు సీసాలు చూసీ చూసీ మీకు లోకమంతా నీలంగా కనిపిస్తోంది మస్యూ. కళ్ళజోడు తుడుచుకోండి!"

అందరూ గొల్లున నవ్వేవారు. ఏళ్ళ తరబడి ఇదే వరస. చివరికి ఒక గురువారం ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. పీడా పోయింది అనుకుంది ఒదీల్. కానీ ఆ తర్వాత తన మాటలు తనకే చప్పగా తోచాయి.

పోయిన చలికాలం ఆవిడ రెండు కళ్ళకూ శుక్లాలు తీశారు. కోలుకోగానే నేరుగా ఆ మంచుదారి ముందుకొచ్చి నిలబడింది. నీడలు నీలం, ఆకాశం నీలం. తేనె చుక్కైనా లేదు. తను అన్నేళ్ళు ప్రేమించిన సాయంత్రం తన కంట్లోని పొరేనన్నమాట. ఆవిడకు ఏడుపొచ్చింది. పైగా ఆ పొర కోసం ఒక పెద్దమనిషిని నలుగురిలో నవ్వులపాలు చేసి తరిమేసింది. నవ్విన ఆ నలుగురి ముందే ఆయనకు క్షమాపణ చెప్పుకోకపోతే తనకు నిద్ర పట్టదు. ఫోన్ చేసి, "ఈ గురువారం తప్పకుండా రండి," అని మాత్రం అంది.

ఆయన వచ్చాడు. అందరూ చిత్రం ముందు చేరాక ఒదీల్ గొంతు సవరించుకుంది.

"మస్యూ లెకార్, ఇన్నాళ్ళూ నేను..."

"ఆగండి మేడమ్, ముందు నన్ను చెప్పనివ్వండి," అంటూ ఆయన టోపీ తీశాడు. "గెలుపు మీదే. మొన్నో ఆదివారం దొంగచాటుగా వచ్చి చూసి పోయాను. తేనే! అచ్చంగా తేనే! ఇన్నేళ్ళూ మిమ్మల్ని ఊరికే విసిగించాను."

జనం చప్పట్లు కొట్టారు. ఒదీల్‌కు ఎన్నాళ్ళుగానో కోరుకున్న గెలుపు పళ్ళెంలో పెట్టి ఇస్తున్నారు, ఊరుకుంటే చాలు. ఒక్క క్షణం ఊరుకుంది కూడా. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుంది.

"అది నీలమే మస్యూ. నా కంట్లో శుక్లం ఉండేది, ఇప్పుడు మీకూ వచ్చినట్టుంది. సోమవారం నేనే మిమ్మల్ని మా డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా."

ఆయన కళ్ళు చికిలించి చిత్రాన్ని పైనుంచి కిందికి చూశాడు.

"నీలమా? కాదు మేడమ్. తేనె!"

"గెలిపించినా వాదిస్తారేం మనిషీ!" అని కసిరింది ఒదీల్. చెయ్యి మాత్రం వదల్లేదు.