బాపు తెచ్చిన దూరపు అద్దం

మా చిన్నప్పుడు మెట్‌పల్లిలో మా వాడ మొత్తానికి వీడియో కెమెరా ఉన్నది మా ఇంట్లోనే... బాపు, అంటే మా నాన్న, మస్కట్‌లో పనిచేసేవాడు. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చేవాడు. ఒకసారి వచ్చినప్పుడు పెట్టెలోంచి, తువ్వాలలో చుట్టి పెట్టిన కెమెరా తీశాడు.

మొదటి రోజే చిక్కు వచ్చింది. మాది రెండు గదుల పెంకుటిల్లు. బాపు గోడకు వీపు ఆనించి నిలబడినా కెమెరాలో నేనూ తమ్ముడూ మాత్రమే పట్టేవాళ్లం... అవ్వ, అంటే మా అమ్మ, సగమే వచ్చేది. ఆ సగం కూడా కొంగు చాటుకు పోయేది.

"నన్నెందుకు తీసుడు? పోరగాండ్లను తియ్యరాదు" అనేది అవ్వ.

ఆ సెలవంతా అట్లాగే గడిచింది. బాపు కెమెరా తీసుకొని మళ్లీ మస్కట్ వెళ్లిపోయాడు.

ప్రతి శుక్రవారం పొద్దున బాపు ఫోన్ చేసేవాడు. మేం ముగ్గురం ఎస్టీడీ బూత్ దగ్గర బెంచీ మీద కూర్చొని ఎదురుచూసేవాళ్లం. ఒక శుక్రవారం ఫోన్ నేనే ఎత్తాను.

"బిడ్డా, గీడ దుకాణంల ఉన్న. కెమెరా ముందల తగిలించే అద్దాలు రెండు రకాలున్నయి. ఒకటి పెడితే ఇల్లంత ఒక్కసారే కనవడ్తది. ఇంకోటి పెడితే దూరమున్నది దగ్గరికొస్తది. ఏది తేవాలె? అవ్వనడుగు."

అవ్వ తమ్ముణ్ణి చంకనెత్తుకొని నిలబడి ఉంది. చెప్పాను.

"ఇల్లంత కనవడేదే తెమ్మను. అందరం ఒక్కదాంట్ల వస్తం" అంది.

నేను ఫోన్లో, "దూరమున్నది దగ్గరికొచ్చేదే తే బాపూ" అన్నాను.

అవ్వ నా మొహంలోకి చూసింది.

ఎందుకట్లా చెప్పానో అప్పుడు ఎవరికీ చెప్పలేదు... ఆ అద్దం ఉంటే బాపుకు మస్కట్ నుంచి మా ఇల్లు కనబడుతుందనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను. నాకప్పుడు ఎనిమిదేళ్లు.

తర్వాతి సెలవుకు బాపు ఆ అద్దం తెచ్చాడు. గ్లాసంత లావు, చేతిలో బరువుగా ఉండేది. కెమెరా ముందు తిప్పి బిగించి ఇంట్లో చూస్తే... చుట్టూ నల్లటి గుండ్రం, మధ్యలో అంతా మసక. తమ్ముడి ముక్కు కూడా సరిగ్గా కనబడలేదు.

"గిది ఇంట్ల పనికి రాదు" అన్నాడు బాపు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. అయినా నేను వెనక గదిలోకి పోయి బియ్యం బస్తా పక్కన కూర్చున్నాను. అన్నానికి పిలిచినా రాలేదు.

అవ్వే వచ్చి చెయ్యి పట్టుకొని లేపింది. "గింత దానికి ఏడుస్తరా? మల్లొచ్చినప్పుడు గా అద్దంగూడ తెస్తడు" అంది.

సెలవు అయిపోయే ముందు ఒక పొద్దున, బాపు కెమెరా పట్టుకొని ఎదురింటివాళ్ల డాబా ఎక్కాడు. అవ్వకు తెలియదు. మా గడప ముందు కూర్చొని బీడీలు చేసుకుంటోంది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డ కింద తునికాకు.

బాపు అక్కడినుంచే తీశాడు. టేపు అయిపోయేదాకా తీశాడు.

ఆ బొమ్మలో అవ్వ మొహమంతా కనబడుతుంది. కొంగు అడ్డం లేదు. వేళ్లు వాటంతట అవే తిరుగుతుంటాయి, చూపు మాత్రం ఎక్కడో ఉంటుంది. పెదవులు కదులుతుంటాయి... చర్చిలో పాడే పాటేదో. మధ్యలో మణికట్టుతో నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి తోసుకుంటుంది, చేతులకు తంబాకు ఉంది కదా. ఒకసారి తనలో తనే నవ్వుకుంటుంది. ఎందుకో మాకెవరికీ తెలియదు.

పాట మాత్రం వినబడదు. అంత దూరం నుంచి గొంతు రాలేదు. వినబడేది సైకిల్ బెల్లు, కాకులు, కెమెరా దగ్గర బాపు ఊపిరి... అంతే.

ఆ వానాకాలమే అవ్వకు పసిరికలు, అంటే కామెర్లు, అయ్యాయి. కరీంనగర్ తీసుకుపోయేసరికే ఆలస్యమైంది, అవ్వ దక్కలేదు. బాపుకు సెలవు దొరికి ఇల్లు చేరేసరికి మట్టి కూడా అయిపోయి నాలుగు రోజులు...

బాపు మళ్లీ మస్కట్ పోలేదు. ఊళ్లోనే మోటార్లు బాగుచేస్తూ మమ్మల్ని పెంచాడు.

చాలా ఏళ్లు నాకు ఒకటే బాధ. అవ్వ చెప్పిన అద్దమే అడిగి ఉంటే, అవ్వతో మేమిద్దరం కలిసి ఉన్న బొమ్మ ఒక్కటైనా ఉండేది కదా అని. నా పెళ్లికి వారం ముందు బాపుతో అనేశాను.

బాపు లేచి ఆ టేపు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ తర్వాత, "అది తెచ్చుంటే మీ అవ్వ కొంగు కప్పుకొని మూలకు కూసునేది బిడ్డా. గప్పుడు గీ మొఖం నాకు యాడ దొరికేది?" అన్నాడు. కళ్లు తుడుచుకోలేదు. తుడుచుకుంటే నేను చూస్తానని కావచ్చు.

మొన్న మా పాప కోసం కెమెరా కొన్నాను. లెన్సు ఏది తీసుకోవాలో తెలియక కరీంనగర్ దుకాణంలో గంటసేపు నిలబడ్డాను. "ఇంట్ల తీసుకునుడే అయితే వెడల్పుది తీస్కోండ్రి అక్కా, అందరు వడ్తరు" అన్నాడు దుకాణం ఆయన. అదే తీసుకున్నాను.

ఇంటికి వచ్చి కెమెరా అల్మారా మీద పెట్టాను. అందరం చాప మీద కూర్చున్నాం. బాపు లేచి కెమెరా దగ్గరికి పోతున్నాడు... అలవాటు! చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

"నేనెందుకే? ఏం మాట్లాడాలె?" అన్నాడు.

"ఏదన్న మాట్లాడు బాపూ. ఊకె కూసున్నా సరే."

అప్పుడు తెలిసింది. మా పాత టేపులన్నీ వెతికినా బాపు ఒక్కదాంట్లో కూడా లేడు. మస్కట్‌లో ఉన్నప్పటి బాపు, నల్లటి జుట్టు బాపు, అవ్వ పక్కన నిలబడ్డ బాపు... ఎక్కడా లేడు.

ఇప్పుడు ఫోన్ నిండా వీడియోలే. తీయడానికి క్షణం పట్టదు, చూడడానికి మాత్రం ఎవరికీ తీరిక లేదు. మీ ఇంట్లో అప్పట్లో కెమెరా పట్టుకున్నది ఎవరు? వాళ్లది ఒక్క బొమ్మయినా మీ దగ్గర ఉందా... ఉంటే వాళ్ల గురించి రెండు మాటలు ఇక్కడ రాయండి. లేకపోతే, వాళ్లింకా ఉంటే, ఇవ్వాళే ఒకసారి కెమెరా ముందు కూర్చోబెట్టండి.