జనగామ పెట్టెలు, ఐదు ఆదివారాలు

1998వ సంవత్సరం. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో నాకు ఆంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేసే షాపు ఉండేది. గుడివాడ నుంచి వచ్చి పదేళ్లు దాటింది. మాదాపూర్ గుట్టల మధ్య హైటెక్ సిటీ అప్పుడప్పుడే లేస్తోంది, చుట్టుపక్కల కొత్తగా అద్దెలకు దిగేవాళ్లంతా కంప్యూటర్ ఉద్యోగులు. వాళ్లతో నాకు కొత్తరకం తలనొప్పి మొదలైంది. పాత గిరాకీ అయితే రేడియో బల్ల మీద పెట్టి ‘పలకడం లేదు’ అని వెళ్లిపోయేవాడు. ఈ కొత్త గిరాకీ ఎందుకు పలకడం లేదో కూడా తనే చెప్పేవాడు.

రఘు అలాంటివాడే. మదీనాగూడలో మూడో అంతస్తు ఫ్లాట్లో ఉండేవాడు. ఒకరోజు ట్రాలీ ఆటోలో రెండు స్పీకర్ పెట్టెలు తెచ్చి దింపించాడు. ఒక్కోటి నడుమెత్తు ఉంది. పైన నల్ల రెక్సిన్ అక్కడక్కడా లేచిపోయింది. అవి వాళ్ల మామగారివట. ఆయన జనగామలో మైక్ సెట్లు కిరాయికిచ్చేవాడు. నాటకమైనా, సభయినా స్టేజీకి అటొకటి, ఇటొకటి ఇవే నిలబడేవి. ఆయన పోయాక షాపు మూసేస్తుంటే కూతురు సుజాత ఈ రెండూ అడిగి తెచ్చుకుంది. రఘుకి ఇవి హాల్లో ఉండటం ఇష్టం లేదు. అతని మనసు మేగజైన్లో చూసిన చిన్న ఫారిన్ సెట్టు మీద ఉంది. చివరికి మొగుడూ పెళ్లాల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఇంట్లో పాట బాగా వినిపిస్తే పెట్టెలు ఉంటాయి. లేకపోతే ఎప్పటినుంచో అడుగుతున్న టెంట్ హౌస్ అతనికి పోతాయి.

స్టేజీ స్పీకర్లకు సెన్సిటివిటీ ఎక్కువ, అంటే కొద్దిపాటి కరెంటుకే గట్టిగా పలుకుతాయి. పొడుగాటి వైర్ల మీద నడవడానికి లోపల లైన్ ట్రాన్స్‌ఫార్మర్ అని ఒకటి ఉంటుంది. ఇంటి ఆంప్లిఫయర్‌కి దాంతో పనిలేదు కాబట్టి తీసేశాను. ఒక పెట్టెలో కోన్ చిరిగిపోయింది. దాన్ని రీకోన్ చేశాను. పాత కాగితం కోన్ తీసేసి, వాయిస్ కాయిల్ అనే రాగితీగ చుట్టతో సహా కొత్తది అతికించడాన్ని రీకోన్ అంటారు. ఒక్కో పెట్టెనూ విడిగా వాయించి చూశాను. రెండూ ఖంగుమన్నాయి.

మొదటి ఆదివారం మదీనాగూడ వెళ్లి కనెక్షన్ ఇచ్చాను. పాట వచ్చింది గానీ ఏదో వెలితి. కింది స్వరాలు లేవు, పాడే గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియడం లేదు. రఘు కొలత టేపు, సుద్దముక్క తీసుకుని రెండు పెట్టెల నుంచి వినేవాడి కుర్చీ దాకా నేల మీద త్రికోణం గీస్తున్నాడు. సుజాత టీ తెచ్చి అక్కడే నిలబడి కాసేపు విన్నది.

“ఒక్క డబ్బ పెడితే మంచిగనే ఉంది అన్నా. రెండు పెడితే పాట పలుచగైతుంది. ఫేజ్ చూసిన్రా?” అని అడిగింది.

రెండు స్పీకర్ల కోన్లూ ఒకేసారి ముందుకు, ఒకేసారి వెనక్కి కదిలితే ఫేజ్ సరిగ్గా ఉన్నట్టు. ఒకటి ముందుకొచ్చేటప్పుడు ఇంకొకటి వెనక్కి పోతే ఒకదాని చప్పుడు ఇంకొకటి తినేస్తుంది. ఎరుపు వైరు ఎరుపుకి, నలుపు నలుపుకి కలిపింది నేనే కదా అని, “అన్నీ చూశామమ్మా” అనేసి రఘు వైపు తిరిగాను. ఆవిడ తలూపి టీ గ్లాసులు తీసుకుని వెళ్లింది.

ఆ తర్వాత నా ఆదివారాలు బొంబాయి హైవే పాలయ్యాయి. లారీల దుమ్ములో స్కూటర్ మీద వెళ్లడం, మూడంతస్తులు ఎక్కడం, రఘు మేగజైన్ కాగితాలు పట్టుకుని ఎదురు రావడం. రెండో వారం పెట్టెల కింద చెక్క దిమ్మలు పెట్టాం. వాటి కింద నాణేలు పెడితే ఇంకా మంచిదని ఎవరో రాశారట, అవీ పెట్టించాడు. మూడో వారం వెనక గోడకు బొంతలు వేలాడదీశాం. సుద్దగీత మీద కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టి, తల కదపొద్దన్నాడు. ఇటు అంగుళం జరగమంటాడు, అటు అరంగుళం జరగమంటాడు. నాకు ఒళ్లు మండిపోయింది. “సార్, మనం పాట వింటున్నామా, ఫొటో దిగుతున్నామా?” అన్నాను. అతను నవ్వలేదు. లావు వైరు కొందామా అని అడిగాడు.

నాలుగో వారం కెపాసిటర్లు మార్చాను. అదే పలుచన పాట. గది మంచిది కాదన్నాను, నున్నటి మొజాయిక్ నేల మంచిది కాదన్నాను, క్యాసెట్లు మంచివి కావన్నాను. అనడానికి ఇంకేమీ మిగలక, “సార్, ఇవి స్టేజీకి పుట్టినవి. ఇంట్లో ఇంతకన్నా పలకవు. వదిలేయండి” అనేశాను. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉన్న సుజాత ఆ మాట విని లోపలికి వెళ్లిపోయింది. రఘు అక్కడే టెంట్ హౌస్ అతనికి ఫోన్ చేసి వచ్చే ఆదివారం రమ్మన్నాడు. నిజం చెప్తున్నాను, నాకు పీడ వదిలిందనిపించింది.

ఐదో ఆదివారం వైర్లు విప్పడానికి వెళ్లాను. కింద ట్రాలీ ఆటో అప్పటికే వచ్చి ఉంది. సుజాత రెండు పెట్టెలనూ తడిగుడ్డతో తుడుస్తోంది. నేను స్క్రూడ్రైవర్ తీస్తుంటే, “జర ఆగుండ్రి అన్నా” అని లోపలికెళ్లి టార్చిలైటు తెచ్చింది. అందులోంచి ఒక సెల్లు తీసింది. ఆంప్లిఫయర్ నుంచి వచ్చే వైర్లను తనే ఊడదీసింది. రెండు వైరు ముక్కలతో సెల్లును ఎడమ పెట్టె వెనక, ప్లస్ కొస ఎర్ర టెర్మినల్‌కి తగిలేలా ఆనించి, కోన్ చూడమని మొగుడికి చెప్పింది. టప్పుమని కోన్ బయటికి వచ్చింది. తర్వాత కుడి పెట్టె దగ్గరికి వచ్చి, ఈసారి కూడా ప్లస్ కొస ఎర్ర టెర్మినల్‌కే తగిలేలా సెల్లు ఆనించింది. కోన్ లోపలికి పోయింది. ఇంకోసారి ఆనించింది. మళ్లీ లోపలికే పోయింది.

ఆ కుడి పెట్టె నేను రీకోన్ చేసినదే. కొత్త కాయిల్ తీగలు రెండూ లోపల తారుమారుగా అతికించాను. బయట ఎరుపూ నలుపూ ఎంత సరిగ్గా కలిపితే ఏం లాభం? ఆడలేక మద్దెల ఓడన్నట్టు నెల రోజులు గదినీ, నేలనూ, క్యాసెట్లనూ తిట్టాను.

“మా నాయిన ఒక్కదానికి కోన్ ఏసినా, రెండింటికీ సెల్లు పెట్టి చూసేటోడు” అంది సుజాత. ఆ మాటలో దెప్పిపొడుపు కూడా లేదు.

కుడి పెట్టెకి వైర్లు అటుదిటు మార్చి పాట పెట్టాను. మృదంగం నిండుగా వచ్చింది. గొంతు రెండు పెట్టెల మధ్యకు వచ్చి అక్కడే నిలబడింది. కుర్చీ సుద్దగీత మీద లేకపోయినా అది అక్కడే ఉంది.

“ఏమైంది? ఏం మార్చిన్రు?” అని అడిగాడు రఘు.

లూజ్ కనెక్షన్ అనే మాట నా నాలుక చివర దాకా వచ్చింది. అలా అంటే అతను నమ్మేవాడు. సుజాత మాత్రం సెల్లు చేతిలో పట్టుకుని నా వైపే చూస్తోంది.

“తప్పు నాది సార్. కోన్ వేసినప్పుడు తీగలు తిరగేసి అతికించాను. అమ్మగారు మొదటి రోజే అడిగారు. చూడకుండానే చూశానన్నాను” అన్నాను.

రఘు కాసేపు పాట విని, ట్రాలీ ఆటోను పంపించేయడానికి కిందికి వెళ్లాడు. అప్పుడు సుజాత ఆ కుర్చీలో కూర్చుంది. ఆ ఇంట్లో ఆవిడ కూర్చుని పాట వినడం నేను చూడటం అదే మొదలు.

“నెల సంది నా చెవులే ఖరాబైనయనుకున్న అన్నా” అంది. “చిన్నప్పుడు గూడ గివి గిట్లనే పలికెనేమో, నాయిన మీది పాయిరంతోని నాకే మంచిగ వినపడెనేమో అనుకున్న.”

నేను ఆవిడ మొహం వైపు చూడలేకపోయాను. సామాన్లు సర్దుకుని వచ్చేశాను.

ఆ తర్వాత ఎన్నో స్పీకర్లకు కోన్లు వేశాను. సెల్లు ఆనించి చూడకుండా ఒక్కటి కూడా షాపు దాటించలేదు. అదేమంత పెద్ద విద్య కాదు, అర నిమిషం పని. చూశామని చెప్పడానికి ఆ అర నిమిషం కూడా పట్టదు, అందుకే ఆ మాట అంత తేలిగ్గా వచ్చేస్తుంది. సుజాత ఆ మొదటి రోజే నన్ను అనుమానించి ఉంటే బాగుండేది. మెకానిక్ చెప్పాడు కదా అని ఆవిడ నన్ను నమ్మింది. నన్ను నమ్మి, వాళ్ల నాన్నను అనుమానించింది.