పేరు దగ్గర ఆగే ప్రార్థన

మా గురువుగారు దేవసహాయం సారు ప్రభువునందు నిద్రించారని శుక్రవారం పొద్దున ఫోన్ వచ్చింది. నమ్మలేకపోయాను. అంతకుముందు ఆదివారమే మా పోతిరెడ్డిపల్లి ఆలయంలో, సంఘకాపరిగా, ఆయన స్వస్థత కోసం నేనే ప్రార్థన నడిపించాను. ఆమేన్ అన్న గొంతులింకా చెవుల్లోనే ఉన్నాయి.

సారు పటాన్‌చెరులో వాల్వుల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. ప్రతి ముక్కనూ గేజు పెట్టి కొలత చూడటం ఆయన పని. ఆదివారాలు మాకు బైబిలు పాఠం చెప్పేవారు. ఏ ఆచారం గురించి ఎత్తినా ఒకటే ప్రశ్న: "వాక్యంల ఏడుంది, చూపియ్యి." అంత కఠినంగా అడిగిన మనిషే, పాఠం అయ్యాక మమ్మల్ని ఉప్మా తినందే కదలనిచ్చేవారు కాదు.

నేను వేదాంత కళాశాలకు పోయి, ఆదిసంఘ పితరుల, అంటే తొలి శతాబ్దాల క్రైస్తవ గురువుల, చరిత్రంతా నెత్తికెక్కించుకుని వచ్చాను. "ఏ పుస్తకాలు వాక్యమో తేల్చింది ఆ పితరులే గదా సార్, మరి వాళ్ళ సంప్రదాయాన్ని మీరెట్ల కాదంటరు?" అని పట్టుకున్నాను.

"గేజు తయారుజేసినోడు ఎవరైనా గానీ, అది ఖాయమైనంక ఆయన చేసిన వాల్వు గూడ దాంతోనే కొలువాలె."

"గేజు గూడ అరుగుతది గదా సార్?"

పకపకా నవ్వారు. "నువ్వు మా కంపెనీల ఉంటే నన్ను మస్తు పరేషాన్ జేద్దువు బిడ్డా!" ఆ వాదం మా మధ్య ఎన్నడూ తెగలేదు. తెగాలని ఇద్దరికీ లేదు.

ఆయన భార్య రూతమ్మగారు చనిపోయిన ఏడు, సమాధుల పండుగ సాయంత్రం సమాధుల తోటంతా కొవ్వొత్తులతో వెలుగుతుంటే ఆమె సమాధి ఒక్కటే చీకట్లో ఉంది. సారు రాయి కడిగి, కండువాతో తుడిచి, పక్కన కూర్చున్నారు. నేను కొవ్వొత్తి తీస్తే, వాక్యంలో లేదని వద్దన్నారు. "తొలి విశ్వాసులు చనిపోయినోళ్ళ కోసం ప్రార్థన చేసిండ్రు సార్" అన్నాను.

"చేసిండ్రు. మంచోళ్ళే. కని మంచోళ్ళు ఏడ్చిందంత ఉపదేశం కాదు బిడ్డా." ఆ మాట అంటూనే కండువాతో రాయిని మళ్ళీ తుడిచారు.

కుటుంబ ప్రార్థనలో ఇంటివాళ్ళను పేరుపేరునా దేవునికి అప్పగించడం ఆయన అలవాటు. మొదటి పేరు రూతమ్మగారిది. ఆమె పోయాక ఆ చోటికి రాగానే ఆగిపోయేవారు. పేరు పలికేవారు కాదు, ముందుకూ పోయేవారు కాదు. మేము కళ్ళు మూసుకునే ఎదురుచూసేవాళ్ళం. చాలాసేపటికి పెద్దకొడుకు పేరుతో ప్రార్థన మళ్ళీ కదిలేది.

చివరి రోజుల్లో ఆసుపత్రిలో సారు నా చేయి పట్టుకున్నారు. "నేను పోయినంక ప్రార్థనల నా పేరు ఎత్తకు. నాకోసం చేయాల్సిందంత ప్రభువే చేసిండు. మాటియ్యి." ఇచ్చాను.

భూస్థాపన తర్వాత వచ్చిన ఆదివారం, రోగుల కోసం ప్రార్థిస్తూ ఆయన పేరు వచ్చే చోటికి వచ్చాను. పేరు నాలుక మీదికి వచ్చేసింది. పోయిన వారం దాన్ని పలకడం వాక్యం చెప్పిన ధర్మం. ఈ వారం పలికితే మాట తప్పడం. ఆగిపోయాను. సంఘమంతా నాతోపాటు ఆగింది. ఆయన ఎప్పుడూ కూర్చునే ముందు బెంచీ నుంచి "ఏడుంది, చూపియ్యి" అని స్పష్టంగా వినిపించింది. ఇప్పటికీ కళ్ళు మూస్తే ఆ గొంతే. భయమేస్తుంది. అది వినిపించడం మానేస్తుందేమోనని మరింత భయమేస్తుంది.

అట్లా నిలదీసి అడిగే మనిషి మా సంఘానికి ఇక దొరకరు. సారూ, ఇటువంటి నివాళి వ్యాసాల చివర ఆత్మకు శాంతి కలగాలని రాస్తారు. అదీ ప్రార్థనే కదా. నేను రాయడం లేదు. రూతమ్మగారి పేరు దగ్గర మీరు ఆగినంతసేపు, ఇక్కడ ఆగుతున్నాను.